రాయి తేలింది, లెక్క మునిగింది

హుస్సేన్‌సాగర్ బుద్ధుడి మీద రాయమని సంపాదకుడు పురమాయిస్తే లుంబినీ పార్కుకు పోయి పడవ టికెట్టు కొనుక్కోవడం మామూలు పద్ధతి. ఈ కథనం మాత్రం ముందు రాయగిరి దారి పట్టింది. ఆ విగ్రహం నిలబడింది నీళ్ళ మధ్యనే గాని, పుట్టింది భువనగిరి దాటాక యాదగిరిగుట్టకు చేరేలోగా తగిలే గుట్టల్లో. 1985 అక్టోబరులో అక్కడి తెల్ల గ్రానైట్ బండ మీద పని మొదలైంది. ఏడెనిమిదేళ్ళ పాటు ఒక రాష్ట్రం నోట నానిన రాయి అది. ఇవాళ ఆ దారిలో వెంచర్ల హోర్డింగులు, గుట్టకు పోయే భక్తుల బస్సులు, ఆగి టీ తాగే జనం కనిపిస్తారు. ఈ బండల్లోంచే బుద్ధుడు లేచాడని చెప్పే ఆనవాలు రోడ్డు మీద పోయేవాడి కంటికి ఆనదు. యాదగిరిగుట్టకు పిల్లలతో సహా వచ్చిపోయే హైదరాబాదీలలో ఎంతమందికి ఈ సంగతి తెలుసునో గాని, తెలియకపోతే తప్పు వాళ్ళది కాదు. చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. ఈ కథనంలో నా ఫిర్యాదంతా అదే. పబ్లిక్ విగ్రహాన్ని కాపాడటమంటే కడగడం, దీపాలు పెట్టడం, కంచె వేయడం అని మనం అనుకుంటున్నాం. అది ఎలా తయారైందో, ఎవరి చేతుల మీదుగా తయారైందో, దారిలో ఏం జరిగిందో చెప్పే లెక్కను కాపాడటం అందులో భాగమని ఎవరికీ తోచడం లేదు. ఆ లెక్క పోతే మిగిలేది పెద్ద రాయి, దాని చుట్టూ కాసిని కబుర్లు.

రాయగిరి దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. లోపల ఊరి గుడి కోసం సింహం తయారవుతోంది. చెక్కుతున్నాయన ఆళ్ళగడ్డ నుంచి వచ్చినవాడు. యాదగిరిగుట్ట ఆలయం పని జరిగిన రోజుల్లో ఆళ్ళగడ్డ నుంచీ తమిళనాడు నుంచీ వందల మంది శిల్పులు ఇటు వచ్చారు. పని అయిపోయాక చాలామంది వెనక్కి పోయారు. ఒకరిద్దరు ఇలా రోడ్డు పక్కన నిలిచిపోయారు. ముతక పనంతా గ్రైండరుతో అయిపోయింది. నేల మీద బూడిదరంగు పిండి చీలమండల దాకా ఉంది. కాసేపటికి ఆయన గ్రైండరు ఆపేసి, సింహం ముందు పంజా దగ్గర కూర్చుని, ఎడమ అరచేయి రాతి మీద ఆనించి, కుడి చేత్తో చిన్న సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. కొట్టడం కాదు, తట్టడం. ఒక్కో జానెడు దూరానికి రెండు తట్లు. ఖంగుమని మోగినంత మేరా అరచేయి కదలకుండా ఉండేది. ఒకచోట మోత బొంగురుపోయింది. అరచేయి అక్కడే ఆగి, కాస్త జరిగి, మళ్ళీ ఆగింది. సుద్దముక్కతో గీత గీశాడు. లోపల నెర్రె ఉందట. పంజా వేళ్ళు ఆ గీత దాటి రాకుండా సర్దుకోవాలి, లేకపోతే ఆఖరి రోజు పనిలో వేలు ఊడి చేతికొస్తుంది. కంటికి మాత్రం ఆ రాయి అటూ ఇటూ ఒక్కలాగే ఉంది. “మిషను కోస్తాది సార్, బాగానే కోస్తాది. రాయి చెప్పేది దానికి ఇనపడదు” అన్నాడు. మోతను బట్టి రాయిని పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విడగొట్టే శిల్పశాస్త్రం ఆయన చదివాడో లేదో అడగలేదు. చేతికి తెలుసు, అది చాలు. ఆయన అసలు గోడు వేరే ఉంది. నేర్చుకోవడానికి కుర్రాళ్ళు రావడం లేదు, వచ్చినవాళ్ళు గ్రైండరు పట్టడం నేర్చుకోగానే గ్రానైట్ ఫ్యాక్టరీకి పోతున్నారు. అందులో నిష్ఠూరమాడటానికి ఏమీ లేదు. ఈ పిండి ఏళ్ళ తరబడి పీల్చినవాడికి సిలికోసిస్ వస్తుందని తెలిసినప్పుడు, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పనిచేయమని ఎవరి పిల్లలకు చెబుతాం?

ఆ అరచేయిని చూశాక బుద్ధ విగ్రహాన్ని మరోలా ఆలోచించాల్సి వచ్చింది. మూడడుగుల సింహంలో ఒక్క పంజా కోసం ఇంత తట్టి చూడాల్సి వస్తే, 58 అడుగుల ఏకశిలకు ఎంత చూసి ఉండాలి? నెర్రె లేని అంత పొడుగు బండను గుట్టలో పట్టుకోవడం దగ్గరే సగం పని ఉంది. కింద నిలబడి చూసేవాడి కంటికి తల చిన్నదైపోతుంది కాబట్టి అంత ఎత్తు బొమ్మకు తాలమానం అనే శిల్పుల కొలతల లెక్కలను ఉన్నదున్నట్టు దించితే కుదరదు, పైభాగాన్ని సర్దాలి. ఎత్తిన కుడిచేయి, అభయహస్తం, మిగతా ఒంటికి దూరంగా ఉంటుంది గనుక ప్రయాణంలో మొదట విరిగేది అదే. ఈ నిర్ణయాలన్నీ ఎవరో ఒకరు తీసుకున్నారు. స్థపతి పేరు మనకు తెలుసు, ఎస్.ఎం. గణపతి స్థపతి. ఆయన కింద వందల మంది పనిచేశారు. ఆ స్థపతి పేరు దగ్గర కూడా చిన్న ముడి ఉంది. కన్యాకుమారిలో తిరువళ్ళువర్ విగ్రహాన్ని నిలబెట్టిన వి. గణపతి స్థపతి వేరే మనిషి. ఇద్దరూ ఒకే కాలంవాళ్ళు, ఇద్దరిదీ తమిళ స్థపతుల పరంపరే, ఇద్దరూ నీళ్ళ మధ్య మహా విగ్రహాలు నిలిపారు. పేరు ముందరి అక్షరాలు సరిగ్గా రాసుకోకపోతే ఒకాయన ఖాతా ఇంకొకాయనలో కలిసిపోవడానికి ఎంతో కాలం పట్టదు. స్థపతికే ఇంత గండం ఉంటే, అభయహస్తం వేళ్ళ మధ్య రాయిని ఊడకుండా తీసిన మనిషి సంగతి అడిగేదేముంది?

విగ్రహం చరిత్ర అందరికీ తెలిసిందే అనుకుంటాం కాబట్టి కొంచెం చెప్పాలి. అమెరికాలో స్వేచ్ఛా ప్రతిమను చూసి అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు హైదరాబాదుకు అలాంటిది కావాలనుకున్నాడు, ఎవరి బొమ్మ అన్న ప్రశ్నకు బుద్ధుడని జవాబు చెప్పుకున్నాడు. నాగార్జునకొండ, అమరావతి, భట్టిప్రోలు ఉన్న నేల కాబట్టి ఆ ఎంపికను తప్పుపట్టలేం. కరువు రోజుల్లో కోట్లు పోసి బొమ్మలేమిటన్న విమర్శ అప్పుడే వచ్చింది, అందులోనూ న్యాయం లేకపోలేదు. చెక్కడం అయ్యాక 192 చక్రాల ట్రైలరు మీద రాయగిరి నుంచి రాజధాని దాకా మోసుకొచ్చారు. దాని కోసం రోడ్లు వెడల్పు చేశారు. 1989 ఎన్నికల్లో రామారావు ఓడిపోయాడు. 1990 మార్చి 10న విగ్రహాన్ని ఎక్కించుకుని దీవి వైపు బయలుదేరిన బార్జ్ ఒరిగిపోయి, బుద్ధుడు సాగర్ అడుగుకు చేరాడు. మనుషులు చనిపోయారు. రెండేళ్ళు రాయి బురదలో పడుకుంది. 1992లో పైకి తీశారు, ఆ ఏడాది డిసెంబరు 1న జిబ్రాల్టర్ రాక్ అని పేరు పెట్టుకున్న దీవి మీద నిలబెట్టారు. 2006లో దలైలామా వచ్చి ప్రతిష్ఠ చేశారు. పని మొదలైంది ఒక ముఖ్యమంత్రి హయాంలో, మునిగింది చెన్నారెడ్డి హయాంలో, తేలింది జనార్దనరెడ్డి హయాంలో, నిలబడింది విజయభాస్కరరెడ్డి హయాంలో. తర్వాత 2014లో రాష్ట్రమే రెండయింది, ఫైళ్ళ పంపకమూ జరిగింది. కాగితాలకు ఇంతకంటే ప్రమాదకరమైన ప్రయాణం ఉండదు. రాయి ప్రయాణమే కొంత నయం.

ఆ ప్రయాణంలో ఏం జరిగిందో చూడాలంటే ఈ విగ్రహం బరువెంతో వెతికి చూడండి. 320 టన్నులని ఒకచోట, 350 అని మరోచోట, 450 అని ఇంకోచోట అచ్చయి ఉంటుంది. 320కి 450కి తేడా 130 టన్నులు, అంటే ఒక ఎలక్ట్రిక్ రైలింజను. ఇది వెయ్యేళ్ళ కిందటి కట్టడం కాదు. మోసిన ట్రైలరు చక్రాలు లెక్కపెట్టుకున్నాం, మోసిన బరువు దగ్గర తడబడుతున్నాం. ముడిబండ బరువొకటి, చెక్కాక బరువొకటి, పీఠంతో కలిపి చెప్పింది ఇంకొకటి అయి ఉండొచ్చు. అదే నిజమైతే ఏది ఏదో రాసిపెట్టాలి కదా. తేల్చడం కష్టం కూడా కాదు. గ్రానైట్ ఘనపు మీటరు 2.6, 2.7 టన్నుల మధ్య తూగుతుంది. లేజర్ స్కానర్ పెట్టి విగ్రహం నాలుగు వైపులా కొలిస్తే ఘనపరిమాణం వస్తుంది. 120 ఘనపు మీటర్లు వస్తే 320 టన్నుల లెక్క నిజం, 170 వస్తే 450 నిజం. పాత గుళ్ళకు, కోటలకు స్కాన్లు తీస్తున్న రోజుల్లో నగరం నడిబొడ్డున ఉన్న రాతికి తీయలేమా? బరువు సంగతి పోనివ్వండి, కొంచెం ఎక్కువ తక్కువ చెబితే రాయి బాధపడదు. పడవ మీద చనిపోయినవాళ్ళు ఎందరు అంటే ఎనిమిది మంది అని కొన్ని కథనాలు, పది మంది అని కొన్ని. తేడా ఇద్దరు మనుషులు. పేర్ల దాకా పోకముందే అంకె దగ్గరే ఆగిపోతున్నాం. జిబ్రాల్టర్ రాక్ మీద కలయదిరిగినంతలో ఆ పేర్లున్న పలక నా కంటబడలేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. విగ్రహం నిలబడే ఉంది, రాయి గట్టిగానే ఉంది, కాగితాలు లేకపోతే కొంప మునిగేదేమిటి? దీనికి రామారావుకు ప్రేరణగా చెప్పే ఆ స్వేచ్ఛా ప్రతిమే జవాబు చెబుతుంది. రాయగిరిలో తొలి ఉలి దెబ్బ పడే సమయానికి న్యూయార్కు రేవులో ఆ విగ్రహం చుట్టూ పరంజా కట్టి ఉంది. 1886లో నిలిపిన విగ్రహానికి నూరేళ్ళ పండుగ నాటికి మరమ్మతు పూర్తిచేయాలని 1984 నుంచి 1986 దాకా పనిచేశారు. పైన రాగిరేకు, లోపల ఇనుప బద్దలు. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఒకదానికొకటి ఆనితే తుప్పు రేగుతుంది గనుక మధ్యలో పొర పెట్టారు, నూరేళ్ళలో ఆ పొర పోయింది, ఇనుము ఉబ్బి రేకును తన్నింది. ఆ బద్దలన్నీ తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేశారు. కాగడా పట్టిన చేయి దగ్గరకొచ్చేసరికి చిక్కొచ్చింది. తల, ఆ భుజం రెండూ ఇంజనీరు ఐఫెల్ రూపొందించిన చోట కాకుండా రెండడుగుల దాకా పక్కకు ఉన్నాయి. బిగించేటప్పుడు జరిగిన పొరపాటా, కంటికి బాగుంటుందని శిల్పి బార్తోల్డీ కావాలని చేయించిన మార్పా? పొరపాటైతే సరిచేయాలి, శిల్పి మార్పైతే ముట్టుకోకూడదు. తేల్చి చెప్పే కాగితం లేకపోవడంతో వాదన జరిగింది. చివరకు చేతిని ఉన్నచోటే ఉంచి బలపరిచారు. అంతటి విగ్రహానికి, అంత డబ్బున్న దేశంలో, ఒక్క రాతకోత లేకపోవడం వల్ల ఇంజనీర్లు ఊహ మీద ఆధారపడాల్సి వచ్చింది. రేపు మన అభయహస్తం మణికట్టు దగ్గర సన్నటి గీత కనబడిందనుకుందాం. అది గుట్టలో ఉన్నప్పటిదా, 1990లో పడినప్పుడు తగిలిన దెబ్బా, పైకి లాగేటప్పుడు తాళ్ళు ఒరుసుకున్న చోటా? పాతదైతే వదిలేయొచ్చు, కొత్తదైతే పరంజా కట్టాలి. ఏదని ఎవరినడగాలి?

గ్రానైట్‌కు ఏమీ కాదు అనేది దానికి తోడొచ్చే మాట. శ్రవణబెళగొళ గోమఠేశ్వరుడిని చూపిస్తారు. అదీ దాదాపు ఇంత ఎత్తుదే, అదీ ఏకశిలే, క్రీ.శ. 981 నుంచి ఎండకూ వానకూ నిలబడి ఉంది. నిజమే. అయితే ఆయన నిలబడింది తాను పుట్టిన కొండ మీదే. బార్జ్ ఎక్కలేదు, చెరువులో పడలేదు, మురుగు మీంచి వచ్చే ఆవిరిలో నిలబడలేదు. హుస్సేన్‌సాగర్‌లోకి కూకట్‌పల్లి నాలా ఏం మోసుకొస్తుందో నగరవాసులకు చెప్పనక్కర లేదు. పడవలో ముక్కు మూసుకున్నవాళ్ళకు అసలే చెప్పనక్కర లేదు. పోలిక కావాలంటే కన్యాకుమారి సరైనది. 2000 జనవరి 1న ఆవిష్కరించిన వళ్ళువర్ విగ్రహం, పీఠంతో కలిపి 133 అడుగులు, తిరుక్కురళ్ అధికారాల లెక్కకు సరిపోయేలా కట్టింది. ధర్మ భాగంలోని 38 అధికారాలకు 38 అడుగుల పీఠం, మిగతా 95కి 95 అడుగుల విగ్రహం. కట్టినవాళ్ళు ప్రతి అడుగుకూ కారణం రాసిపెట్టారు. 2004 సునామీ అలలు కొట్టినా నిలిచింది. అలాగని నిలిచింది కదా అని వదిలేయలేదు. సముద్రపు ఉప్పు రాతిలో చేరుతుందని కొన్నేళ్ళకోసారి పరంజా కట్టి, కాగితపు గుజ్జు పూసి ఉప్పును బయటికి లాగి, పైన రసాయనపు పూత వేస్తారు. అదీ గ్రానైటే. గ్రానైట్‌కు ఏమీ కాదని అక్కడి ప్రభుత్వానికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

రెండో అభ్యంతరం కొంచెం పెద్దరికం ఉన్నది. మన శిల్పులు పేరు కోరుకోలేదు, పని దేవుడికి అర్పించి పక్కకు తప్పుకున్నారు, పేర్లు చెక్కాలనడం పడమటి జబ్బు అంటారు. వినడానికి ఇది చాలా బాగుంటుంది. సాక్ష్యం మాత్రం ఎదురు నిలుస్తుంది. హొయసల గుళ్ళలో శిల్పులు తమ బొమ్మల కింద సంతకాలు చెక్కుకున్నారు, మల్లితమ్మ అనే శిల్పి పేరు ఎన్నో గుళ్ళలో కనిపిస్తుంది. పట్టదకల్ విరూపాక్షాలయం కట్టిన గుండడికి త్రిభువనాచార్య బిరుదిచ్చి ఆ సంగతి శాసనంలో వేయించింది ఎనిమిదో శతాబ్దపు రాజ్యం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనం గర్వంగా చెప్పుకున్నదేమిటి? రామప్ప గుడి శిల్పి పేరు మీద నిలిచిందనే కదా. అమరావతిలో పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చిన విధికుడనే చర్మకారుడి పేరు రెండు వేల ఏళ్ళ తర్వాత చదువుకోగలుగుతున్నాం. అంత వెనక్కి పోనక్కర లేదు, ధర్మస్థల బాహుబలిని కార్కళలో చెక్కి 1973లో తరలించి 1982లో ప్రతిష్ఠించారు. చెక్కిన రెంజాల గోపాలకృష్ణ శెణై పేరు అక్కడివాళ్ళు ఈనాటికీ చెబుతారు. పేరు లేకపోవడం మన సంప్రదాయమైతే ఇవన్నీ ఏమిటి? పేరు చెరిగిపోయిన చోట దాన్ని సంప్రదాయమని పిలవడం మనం తర్వాత నేర్చిన సౌకర్యం.

ఆ సౌకర్యం ఎవరికో రాయగిరి పక్కనే తేలింది. యాదగిరిగుట్ట ఆలయాన్ని 2016 నుంచి కృష్ణశిలతో తిరగకట్టి 2022 మార్చి 28న తిరిగి తెరిచారు. ఇంత పెద్ద రాతిగుడిని ఉలితో కట్టించడం ఈ కాలంలో అరుదు, ఆ మేరకు మెచ్చుకోవాలి. ఆళ్ళగడ్డ ఉలికి కొన్నేళ్ళు గౌరవంగా కూడు పెట్టింది. కానీ 2019లో అక్కడి స్తంభాల మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ, ఆయన పార్టీ కారు గుర్తు చెక్కి ఉన్నాయని గొడవైంది. సమకాలపు విషయాలు చెక్కడం శిల్పులకు మామూలేనని వివరణ ఇచ్చారు, ఆ తర్వాత తీసేశారు. ఆ వివరణలో చరిత్రపరంగా తప్పు లేదు. పాత గుళ్ళలో గుర్రాలమ్మే అరబ్బులూ ఉన్నారు, కుస్తీలు పట్టేవాళ్ళూ ఉన్నారు. కాకపోతే చేయించినవాడి మొహానికి రాతి మీద అంత సులువుగా చోటు దొరికి, చేసినవాడి పేరుకు చోటు దొరకనప్పుడు పేరు వద్దనుకోవడం శిల్పి వినయమని చెబితే నమ్మడం కష్టం. రేకుల షెడ్డులో ఆయనను ఆ గుడిలో మీరు చెక్కింది ఏదని అడిగితే, తడుముకోకుండా ఏ ప్రాకారంలో ఎన్నో స్తంభమో, ఏ వైపు ముఖమో చెప్పాడు. అది ఆయనకు, పక్క స్తంభం చెక్కినవాడికి తెలుసు. వాళ్ళిద్దరితో ఆ లెక్క సరి.

చనిపోయినవాళ్ళ ప్రస్తావన దగ్గర మరో అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. బుద్ధుడి పాదాల దగ్గరకు సాయంత్రం పిల్లలను తీసుకుని వచ్చేవాళ్ళకు మునక కథ, శవాల లెక్క చెప్పి ఏం సాధిస్తాం? శాంతిమూర్తి దగ్గర ఆ అపశకునం ఎందుకు? దుఃఖం ఉందన్న మాటతో మొదలైన ధర్మం ఆ బుద్ధుడిది. పనిలో చనిపోయినవాళ్ళ పేర్లు ఆయన పాదాల దగ్గర ఉంటే అపశకునమవుతుందని ఆయన అనుకోడు, మన పర్యాటకశాఖ లెక్కలే అనుకుంటాయి. పైగా ఆ ప్రమాదం సాంకేతిక పాఠం కూడా. నీటి మీద అంత బరువును ఎక్కించినప్పుడు బరువు కేంద్రం ఎక్కడుంది, బార్జ్ ఎంత వెడల్పు, ట్రైలరు ఎటు జరిగింది, రెండోసారి ఏం మార్చి ఒడ్డు నుంచి దీవికి చేర్చారు? మొదటిసారి విఫలమై రెండోసారి నెగ్గిన పని కంటే ఇంజనీరింగు విద్యార్థికి మంచి పాఠం ఉండదు. రెండేళ్ళు బురదలో ఉన్న రాతిని విరగకుండా పైకి తీసినవాళ్ళ నేర్పు చెక్కినవాళ్ళ నేర్పుకు తక్కువేమీ కాదు, వాళ్ళకూ పేర్లు లేవు. అన్నట్టు ఆ మార్చి 10వ తేదీ ట్యాంక్‌బండ్‌కు అచ్చిరాలేదు. 2011లో సరిగ్గా అదే తేదీన తెలంగాణ ఉద్యమకారుల మిలియన్ మార్చ్ జరిగిన రోజు గట్టు మీది విగ్రహాలు కొన్ని విరిగి సాగర్‌లో పడ్డాయి. వాటిని మళ్ళీ నిలబెట్టగలిగామంటే కొలతలు, ఫొటోలు, అచ్చులు ఏవో ఎక్కడో దొరకబట్టే. లోహపు బొమ్మకు ఆ వెసులుబాటు ఉంది. గ్రానైట్ బొమ్మకు అచ్చు ఉండదు, దాని కొలతలే దాని అచ్చు.

ఇదంతా అయ్యాక పడవెక్కాను. దీవి మీద బుద్ధుడి ముందు నిలబడితే, నిజం చెప్పాలి, ఈ వాదనంతా కాసేపు నోట రాదు. అంత పెద్ద రాయిలో అంత తేలిక ఎలా వచ్చిందో తెలియదు. దగ్గరికి పోయి మెడ ఎత్తి చూస్తే కంటికి ఆనేది ముఖం కాదు, చీవరం మడతలు. పైనుంచి ధారగా దిగుతున్న ఆ అంచుల్లో ఎక్కడా తొట్రుపాటు లేదు. అంత పొడుగున ఒక మడతను ఒకే మందంతో నడిపించడమంటే పైన పనిచేసేవాడు, కింద పనిచేసేవాడు, వాళ్ళిద్దరి మధ్య ఉన్న పదిమందీ ఒకే చేయిగా ఉండాలి. దాన్ని చూస్తున్నవాళ్ళలో ఒకాయన తన కొడుక్కి, “ఇది సిమెంటుతో పోసింది నాయనా, పైన రంగేశారు” అని నమ్మకంగా చెబుతున్నాడు. ఆ పిల్లవాడు తల ఊపాడు. దీవి చుట్టూ ఫ్లడ్‌లైట్లున్నాయి, కేబుళ్ళున్నాయి, రాత్రి రంగులు మారుతాయి. ఆ దీపాల ఖర్చులో ఒక నెలది ఆపినా ఒక మంచి పలక వస్తుంది. ఏ గుట్ట, ఏ సంవత్సరం, ఎవరి స్థాపత్యం, ఎందరి శ్రమ, ఎవరి మరణం, ఎంత బరువు అని. పలక చిన్న పని. పెద్ద పని బతికున్నవాళ్ళను వెతికి పట్టుకోవడం. 1985లో ఇరవై ఏళ్ళ కుర్రాడిగా సుత్తి పట్టినవాడు ఇప్పుడు అరవై దాటాడు. ఆళ్ళగడ్డలోనో, తమిళనాడులోనో, రాయగిరి చుట్టుపక్కల బండ కొట్టిన వడ్డెర వాడల్లోనో ఉంటాడు. రికార్డరు పట్టుకుని పోయి కూర్చోవడానికి విశ్వవిద్యాలయాల్లో శిల్పకళ, చరిత్ర శాఖలున్నాయి, విద్యార్థులున్నారు. ఇంకో పదేళ్ళయితే అడగడానికి మనిషి ఉండడు.

పాత పాట ఇప్పుడెందుకనేవాళ్ళు సాగర్ గట్టు మీదికే చూడొచ్చు. 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం బుద్ధుడికి కూతవేటు దూరంలో ఉంది. మరుసటి ఏడాది జనవరిలో విజయవాడలో అంతే ఎత్తుది ఇంకొకటి లేచింది. అంతకు ముందే ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల విగ్రహం వచ్చింది, అది చైనాలో ముక్కలుగా పోతపోసి తెచ్చి ఇక్కడ అతికినది. ఇవేవీ ఏకశిలలు కావు. లోపల ఒక లోహపు చట్రం, పైన ఇంకో లోహపు పలకలు, అంటే న్యూయార్కు విగ్రహం పద్ధతే. నూరేళ్ళకు అక్కడ వచ్చిన తుప్పు ఇక్కడి తేమలో ఎన్నేళ్ళకు వస్తుందో లెక్కకట్టాలంటే ముందు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. రెండు లోహాల మధ్య ఏ పొర వేశారు, అతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయి, లోపలికి దిగి చూడటానికి దారి ఎటు, ఆ దారి తాళం ఏ శాఖ దగ్గర ఉంది, చట్రం డ్రాయింగుల ప్రతులు కాంట్రాక్టరు దగ్గరే ఉన్నాయా, రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేరాయా? ఈ ప్రశ్నలు వేయడానికి ఇది సరైన సమయం. గీసినవాళ్ళు, పోతపోసినవాళ్ళు, బోల్టు బిగించినవాళ్ళు ఇంకా ఫోను ఎత్తే వయసులోనే ఉన్నారు. ఆవిష్కరణ శిలాఫలకం మీద పేర్లు ఎటూ ఉంటాయి. వాటి వెనక ఒక ఫైలు, ఆ ఫైలుకు ఒక నంబరు, ఆ నంబరు ఎవరడిగినా చెప్పగల ఒక గుమాస్తా కావాలి.